ఆరోమాటిక్ ఆల్కహాళ్లను ఎంజైమ్ ఎలా ఆక్సీకరిస్తుంది: ఐసోటోప్ ప్రభావాలతో తేల్చుకునే పద్ధతి

బెంజైల్ ఆల్కహాల్ వంటి ఆరోమాటిక్ ఆల్కహాల్‌ను ఎంజైమ్ ఆల్డిహైడ్‌గా మార్చినప్పుడు అణువు నుంచి రెండు హైడ్రోజన్లు తొలగిపోతాయి. ఒకటి ఆక్సిజన్ మీద ఉండేది, మరొకటి దాన్ని ఆనుకుని ఉన్న కార్బన్ మీద ఉండేది. వీటిలో ఏది ముందు పోతుంది, రెండూ కలిసే పోతాయా, కార్బన్ మీది హైడ్రోజన్ తెగడమే మొత్తం వేగాన్ని శాసిస్తోందా, లేక ఆ పని ఎప్పుడో అయిపోయి ఎంజైమ్ తన ఉత్పన్నాన్ని వదలడంలో ఆలస్యం చేస్తోందా అన్నవి ఇక్కడి అసలు ప్రశ్నలు. హైడ్రోజన్ స్థానంలో దాని బరువైన ఐసోటోప్ డ్యుటీరియం పెట్టి వేగం ఎంత తగ్గిందో కొలవడం వీటికి జవాబు రాబట్టే పాత పద్ధతి. ఒక మంచి స్పెక్ట్రోఫోటోమీటర్, కొంత ఓపిక ఉన్న ఏ ప్రయోగశాలలోనైనా ఇది సాధ్యమే.

ఐఐఎస్సీ, జక్కూరులోని జేఎన్‌సీఏఎస్‌ఆర్, బళ్లారి రోడ్డు మీది ఎన్‌సీబీఎస్ వంటి బెంగళూరు సంస్థల్లో ఎంజైమ్ రసాయనశాస్త్రంలోకి కొత్తగా అడుగుపెడుతున్న తెలుగు విద్యార్థులను దృష్టిలో పెట్టుకుని ఈ వ్యాసం రాస్తున్నాను. ఇంటర్‌లో ఐసోటోపులు, ఎమ్మెస్సీలో మైఖేలిస్-మెంటెన్ సమీకరణం చదివి ఉంటే చాలు, మిగిలినది ఇక్కడ అర్థమవుతుంది.

కొలిచే ముందు తెలియవలసినది

కార్బన్-హైడ్రోజన్ బంధం సెంటీమీటరుకు సుమారు 2900 తరంగాల పౌనఃపున్యంతో కంపిస్తే, కార్బన్-డ్యుటీరియం బంధం సుమారు 2100 దగ్గర కంపిస్తుంది. అందువల్ల డ్యుటీరియం బంధం శక్తి మెట్టు మీద మోలుకు దాదాపు 1.15 కిలోకేలరీలు కిందుగా కూర్చుంటుంది. సంక్రమణ స్థితిలో, అంటే చర్యలో శక్తి అత్యధికంగా ఉండే క్షణిక స్థితిలో, ఈ తేడా పూర్తిగా చెరిగిపోతుందనుకుంటే 25 డిగ్రీల వద్ద హైడ్రోజన్ ఉన్న అణువు డ్యుటీరియం ఉన్నదాని కంటే సుమారు 7 రెట్లు వేగంగా చర్య జరపాలి. ఈ వేగాల నిష్పత్తినే ఐసోటోప్ ప్రభావం అంటాం. ఫ్రాంక్ వెస్ట్‌హైమర్, నికొలాయిడిస్ 1949లో క్రోమిక్ ఆమ్లంతో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఆక్సీకరణంలో దాదాపు ఇంత ప్రభావాన్నే చూశారు. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే వెస్ట్‌హైమర్, బిర్గిట్ వెనెస్‌లాండ్ బృందాలు ఈస్ట్ ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్‌లో ఇథనాల్ మీది డ్యుటీరియం నీటిలో కలవకుండా నేరుగా ఎంజైమ్‌కు తోడుండే సహ-ఎంజైమ్ ఎన్ఏడీ మీదికి చేరుతుందని నిరూపించారు.

పాత్రలోని చర్యకు వర్తించే ఈ 7 అన్న అంకె ఎంజైమ్ దగ్గర కనబడకపోవచ్చు. ఎంజైమ్ చక్రంలో సబ్‌స్ట్రేట్ (ఎంజైమ్ మార్చే పదార్థం) అతుక్కోవడం, ఆకృతి మారడం, హైడ్రైడ్ (రెండు ఎలక్ట్రాన్లతో సహా కదిలే హైడ్రోజన్) ఎన్ఏడీకి బదిలీ కావడం, ఆల్డిహైడ్ విడిపోవడం, చివరికి ఆ హైడ్రైడ్ అందుకున్న ఎన్ఏడీహెచ్ విడిపోవడం అనే మెట్లున్నాయి. వీటిలో డ్యుటీరియం వల్ల బాగా నెమ్మదించేది ఒక్క హైడ్రైడ్ బదిలీయే. సాయంత్రం ఆరింటికి ట్రాఫిక్‌తో కిక్కిరిసే బెంగళూరు సిల్క్ బోర్డు కూడలిని కారు ఎంతసేపట్లో దాటిందో చూసి దాని ఇంజిన్ బలాన్ని ఎలా లెక్కగట్టలేమో, ఉత్పన్నం విడిపోవడమే ఆలస్యమైన ఎంజైమ్‌లో ఐసోటోప్ ప్రభావం 1 వచ్చిందని చూసి బంధం తెగే తీరు గురించి అలా ఏమీ చెప్పలేం. కాబట్టి ఐసోటోప్ ప్రభావాన్ని ముందుగా ఒకే ప్రశ్నకు వాడాలి: బంధం తెగే మెట్టు ఈ కొలతలో ఎంతవరకు బయటపడుతోంది? ఆ జవాబు తేలాకే సంక్రమణ స్థితి గురించి మాట్లాడాలి. ఈ క్రమాన్ని తప్పించి రాసిన చర్చాభాగాలు థీసిస్‌లలో నేను చూసినంతలో చాలానే ఉన్నాయి.

ఈ కారణంగానే రెండు వేర్వేరు అంకెలు కొలవాలి. సబ్‌స్ట్రేట్ పుష్కలంగా ఉన్నప్పటి గరిష్ఠ వేగం మీద ప్రభావం ఒకటి; సబ్‌స్ట్రేట్ చాలా తక్కువగా ఉన్నప్పటి వేగాన్ని సూచించే వి/కె (గరిష్ఠ వేగాన్ని మైఖేలిస్ స్థిరాంకం కేఎమ్‌తో భాగిస్తే వచ్చేది) మీద ప్రభావం మరొకటి. మొదటిది ఎంజైమ్-సబ్‌స్ట్రేట్ సంక్లిష్టం ఏర్పడినప్పటి నుంచి ఎంజైమ్ మళ్లీ ఖాళీ అయ్యేదాకా ఉన్న మెట్లను చూస్తుంది. రెండోది సబ్‌స్ట్రేట్ అతుక్కోవడం నుంచి వెనక్కి తిరగలేని మొదటి మెట్టు వరకు మాత్రమే చూస్తుంది. గరిష్ఠ వేగం మీద ప్రభావం 1 దగ్గర ఉండి వి/కె మీద 3 వచ్చిందంటే, చివరి విడుదల నెమ్మదిదని, దానికి ముందు హైడ్రైడ్ బదిలీ కొంతైనా కనిపిస్తోందని అర్థం.

ఏ ఎంజైమ్‌తో మొదలుపెట్టాలి

కొత్తవారికి ఈస్ట్ ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్ మంచిది. అది ఇథనాల్‌ను ఎంతో వేగంగా, బెంజైల్ ఆల్కహాల్‌ను చాలా నెమ్మదిగా ఆక్సీకరిస్తుంది. ఆ నెమ్మదితనమే మనకు లాభం, ఎందుకంటే మిగిలిన మెట్లు అంతే వేగంగా ఉండి హైడ్రైడ్ బదిలీ ఒక్కటే వెనకబడుతుంది. జూడిత్ క్లిన్‌మన్ 1970లలో పారా స్థానంలో రకరకాల సమూహాలున్న బెంజైల్ ఆల్కహాళ్లతో చేసిన పని దీని మీదనే నిలబడింది. ప్రతి ఆల్కహాల్‌కూ డ్యుటీరియం ప్రభావం గణనీయంగా ఉందని చూపించాకే ఆమె ప్రతిక్షేపకాల ప్రభావాన్ని చర్చించారు. ఆక్సీకరణ దిశలో ఆ ప్రతిక్షేపకాలు వేగాన్ని పెద్దగా మార్చకపోవడం వల్ల సంక్రమణ స్థితిలో ఆల్కహాల్ కార్బన్ మీద విద్యుదావేశం ఎక్కువగా పోగుపడడం లేదన్న నిర్ధారణకు బలం చేకూరింది. ఐసోటోప్ ఆధారం లేకుండా, ప్రతిక్షేపకాల విద్యుత్ ప్రభావానికి ఎదురుగా వేగాన్ని గీసే హామెట్ గ్రాఫ్ ఒక్కటే గీసి ఉంటే, రేఖ చదునుగా ఉండడానికి కారణం ఉత్పన్నం విడుదలేమో అన్న అనుమానం అలాగే మిగిలిపోయేది.

గుర్రపు కాలేయపు ఎంజైమ్ ఇందుకు పూర్తిగా భిన్నం. అందులో ఎన్ఏడీహెచ్ విడిపోవడమే నెమ్మది మెట్టు కాబట్టి గరిష్ఠ వేగం మీద ప్రభావం దాదాపు కనబడదు. దానితో పనిచేయాలంటే వి/కె మీద ఆధారపడాలి, లేదా ద్రావణాలను మిల్లీసెకన్లలో కలిపి చూసే స్టాప్డ్-ఫ్లో పరికరంలో మొదటి చక్రాన్ని మాత్రమే చూడాలి, అదీ కాకపోతే ఉత్పన్నాన్ని త్వరగా వదిలే మ్యూటెంట్‌ను వాడాలి.

పదార్థాల తయారీ

మిథైల్ బెంజోయేట్‌ను లిథియం అల్యూమినియం డ్యుటిరైడ్‌తో క్షయకరిస్తే కార్బన్ మీది రెండు స్థానాల్లోనూ డ్యుటీరియం ఉన్న బెంజైల్ ఆల్కహాల్ వస్తుంది. ఈ కారకానికి తేమ గిట్టదు. జూన్ నుంచి అక్టోబరు దాకా బెంగళూరు గాలిలో సీసా మూత తీసి తూకం వేసే అలవాటు ఉంటే గ్లవ్‌బాక్స్‌కు మారడం మంచిది. సోడియం బోరోడ్యుటిరైడ్‌తో మామూలు బెంజాల్డిహైడ్‌ను క్షయకరిస్తే ఒక్క డ్యుటీరియం వస్తుంది గాని అది రెండు వైపులా సమానంగా పంచుకుని ఉంటుంది. ఆ కార్బన్ మీది రెండు వైపుల స్థానాలను ప్రో-ఆర్, ప్రో-ఎస్ అంటారు; ఎంజైమ్ తీసుకునేది ప్రో-ఆర్ స్థానంలోని హైడ్రోజన్‌నే కాబట్టి ఆ మిశ్రమంతో కచ్చితమైన లెక్క కుదరదు.

రెండు స్థానాలూ మార్చిన పదార్థంతో వచ్చే ప్రభావంలో తెగే బంధానిది, తెగకుండా మిగిలే బంధానిది కలిసే ఉంటాయి. వాటిని విడదీయాలంటే ఒక్కో వైపు మాత్రమే డ్యుటీరియం ఉన్న ఆల్కహాళ్లు కావాలి. వాటిని ఎంజైమ్ చేతనే చేయించుకోవచ్చు. ఆల్డిహైడ్ హైడ్రోజన్ స్థానంలో డ్యుటీరియం ఉన్న బెంజాల్డిహైడ్‌ను మామూలు ఎన్ఏడీహెచ్‌తో క్షయకరింపజేస్తే డ్యుటీరియం ప్రో-ఎస్ స్థానంలో నిలుస్తుంది. మామూలు బెంజాల్డిహైడ్‌కు డ్యుటీరియం మోసే ఎన్ఏడీహెచ్ ఇస్తే అది ప్రో-ఆర్ స్థానంలో చేరుతుంది.

శుద్ధత విషయంలో రాజీ పడకూడదు. ఎన్ఎమ్ఆర్‌లో 4.6 పీపీఎమ్ ప్రాంతంలో కనిపించే సీహెచ్2 శిఖరం ఎంత మిగిలిందో చూసి డ్యుటీరియం శాతాన్ని తేల్చాలి. అసలు ప్రభావం 5 అనుకుందాం, ప్రో-ఆర్ స్థానంలో డ్యుటీరియం 98 శాతమే ఉందనుకుందాం. సబ్‌స్ట్రేట్ తక్కువగా ఉన్నప్పుడు మీరు కొలిచే డ్యుటీరియం వేగం 1 కాదు, 0.98కి 2 శాతం హైడ్రోజన్ అణువుల వంతు 0.10 కలిసి 1.08 అవుతుంది. ఫలితంగా 5 అనేది 4.63గా కనబడుతుంది. 2 శాతం కల్తీ 7 శాతం తప్పుగా మారిందన్నమాట. అలాగే బెంజైల్ ఆల్కహాల్ సీసాలోనే గాలి తగిలి కొంత బెంజాల్డిహైడ్‌గా మారుతుంది. అది ఎంజైమ్‌కు ఉత్పన్నం కాబట్టి వేగాన్ని తగ్గిస్తుంది. రెండు ఐసోటోప్ రూపాలనూ ఒకే పద్ధతిలో, ఒకే రోజున స్వేదనం చేసుకోవాలి. ఒకటి కొత్తగా చేసినది, మరొకటి అరలో ఏడాదిగా ఉన్నది అయితే మీరు కొలిచే తేడా డ్యుటీరియానిది కాకపోవచ్చు.

కొలత

ఎన్ఏడీహెచ్ 340 నానోమీటర్ల వద్ద కాంతిని శోషిస్తుంది. దాని మోలార్ గుణకం 6220. అంటే సెంటీమీటరు క్యూవెట్‌లో 10 మైక్రోమోలార్ ఎన్ఏడీహెచ్ పుడితే శోషణ 0.062 పెరుగుతుంది. ఆక్సీకరణ దిశలో సమతాస్థితి మనకు అనుకూలంగా ఉండదు కాబట్టి పీహెచ్ 8.5 ప్రాంతంలో పనిచేయడం, పుట్టిన ఆల్డిహైడ్‌ను సెమికార్బజైడ్‌తో పట్టేయడం ఆనవాయితీ. సెమికార్బజైడ్ కలిపాక బఫర్ పీహెచ్ మళ్లీ సరిచూడాలి. ఎంజైమ్‌లో జింక్ ఉంది కాబట్టి దాన్ని లాగేసే ఈడీటీఏ కలిపిన బఫర్లు వద్దు. పారా స్థానంలో డైమిథైల్ఎమైనో వంటి సమూహమున్న ఆల్డిహైడ్లు 340 ప్రాంతంలోనే శోషిస్తాయి. అటువంటి సబ్‌స్ట్రేట్‌కు మరో తరంగదైర్ఘ్యం వెతుక్కోవాలి.

ఇక్కడ ఒక చిన్న సంగతి పెద్ద చిక్కు తెస్తుంది. బెంజైల్ ఆల్కహాల్ నెమ్మది సబ్‌స్ట్రేట్ కాబట్టి ఎంజైమ్‌ను ఎక్కువ పోస్తాం. అంత ఎంజైమ్ ఉన్నచోట ఇథనాల్ ఆనవాలు ఉన్నా అది ముందు ఖర్చవుతూ శోషణను పెంచుతుంది. ఎన్ఏడీ పొడిలో తయారీ నుంచి మిగిలిన ఇథనాల్ ఉండవచ్చు, బల్ల తుడిచిన స్పిరిట్ ఆవిరి ఉండవచ్చు, సరిగా ఆరని క్యూవెట్ ఉండవచ్చు. అందుకే బెంజైల్ ఆల్కహాల్ లేకుండా ఎన్ఏడీ, ఎంజైమ్, బఫర్ మాత్రమే పోసిన ఖాళీ పరీక్షను ముందు నడపాలి. గీత మొదట ఎగిరి తర్వాత చదునైతే లోపల ఇథనాల్ ఉందని తెలుసుకోవాలి. చదునయ్యేదాకా ఆగి, ఆ తర్వాతే సబ్‌స్ట్రేట్ చేర్చాలి. ఇథనాల్ మీద డ్యుటీరియం లేదు కాబట్టి ఈ నేపథ్య వేగం రెండు వరసల్లోనూ ఒకేలా కలిసి, నెమ్మదిగా ఉండే డ్యుటీరియం వరసను ఎక్కువగా చెడగొట్టి, ప్రభావాన్ని ఎప్పుడూ చిన్నదిగానే చూపిస్తుంది.

బెంగళూరు వాతావరణం చల్లన అనే భరోసాతో గది ఉష్ణోగ్రతను నమ్ముకోవద్దు. ఏప్రిల్ మధ్యాహ్నానికి, డిసెంబరు ఉదయానికి మధ్య పది డిగ్రీల పైనే తేడా ఉంటుంది; క్యూవెట్ చుట్టూ నీళ్లు తిరిగే ఏర్పాటు ఉండి తీరాలి. సబ్‌స్ట్రేట్ గాఢతలను కేఎమ్‌కు ఐదో వంతు నుంచి ఐదు రెట్ల దాకా పరచాలి. బెంజైల్ ఆల్కహాల్ నీటిలో లీటరుకు సుమారు 40 గ్రాములు కరుగుతుంది గాని, బ్రోమిన్ ఉన్నవి అంతగా కరగవు. సంతృప్తికి చేరకముందే ద్రావణీయత అయిపోతే గరిష్ఠ వేగాన్ని ఊహించకుండా వి/కె మాత్రమే నివేదించడం నిజాయితీ.

పలచన చేసిన ఈస్ట్ ఎంజైమ్ మంచు మీద కూడా క్రమంగా చచ్చుబడుతుంది. ఉదయమంతా హైడ్రోజన్ వరస, సాయంత్రమంతా డ్యుటీరియం వరస నడిపితే ఎంజైమ్ అలసట కూడా ఐసోటోప్ ప్రభావంగా లెక్కలోకి వస్తుంది. హైడ్రోజన్, డ్యుటీరియం, డ్యుటీరియం, హైడ్రోజన్ అన్న వరసలో ఒకే పలచన నుంచి మార్చి మార్చి కొలవాలి. లెక్క కట్టేటప్పుడు రెండు వక్రాలనూ విడివిడిగా అమర్చి నిష్పత్తి తీసుకోవడం కంటే, మొత్తం దత్తాంశాన్ని ఒకేసారి అమర్చి ప్రభావాలనే తెలియని రాశులుగా పెట్టుకుంటే దోష పరిమితి సరిగా వస్తుంది. వి/కె లెక్కలో సబ్‌స్ట్రేట్ గాఢతలోని తప్పు యథాతథంగా చేరుతుంది. అందుకే రెండు స్టాకుల గాఢతనూ ఎంజైమ్‌తోనే చివరికంటా ఆక్సీకరింపజేసి తేల్చుకోవాలి.

దాగిన ప్రభావాన్ని బయటికి లాగడం

వి/కె మీద 3 వచ్చిందనుకుందాం. అసలు ప్రభావమే 3 కావచ్చు, లేదా 6 ఉండి సగం దాగి ఉండవచ్చు. ఈ రెంటినీ వేరుచేసే ఉపాయాన్ని డెక్స్టర్ నార్త్‌రప్ 1975లో ఇచ్చారు. హైడ్రోజన్‌కు మరింత బరువైన ఐసోటోప్ ట్రిటియం ప్రభావం డ్యుటీరియం ప్రభావానికి 1.442 ఘాతంగా ఉంటుందన్న స్వేన్-షాడ్ సంబంధం దీనికి ఆధారం. దాపరికం ఏమీ లేకపోతే డ్యుటీరియం ప్రభావం 3 అయినప్పుడు ట్రిటియం ప్రభావం 4.88 రావాలి. అసలు ప్రభావం 6 అయి, సబ్‌స్ట్రేట్ వెనక్కి విడిపోవడం కంటే ముందుకు సాగే మొగ్గును తెలిపే కమిట్‌మెంట్ గుణకం 1.5 అయితే డ్యుటీరియానికి 6కు 1.5 కలిపి 2.5తో భాగిస్తే 3 వస్తుంది. ట్రిటియానికి అసలు ప్రభావం 13.25 కాబట్టి అదే లెక్కన 5.9 వస్తుంది. కనుక మీ ట్రిటియం కొలత 4.9 దగ్గర ఉందా, 5.9 దగ్గర ఉందా అన్నదే తీర్పు. చర్య వెనక్కి కూడా నడిచే పరిస్థితిలో సమతాస్థితి ఐసోటోప్ ప్రభావం కూడా ఈ లెక్కలో చేరుతుందని మరచిపోకూడదు.

ట్రిటియం ఆనవాలుగానే ఉంటుంది, మామూలు అణువులతో పోటీపడుతుంది. కాబట్టి ఈ కొలత వి/కె గురించి మాత్రమే చెబుతుంది. అది రేడియోధార్మికం కనుక సంస్థకు అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి, రేడియేషన్ భద్రతాధికారి పర్యవేక్షణ ఉండాలి. ఆ సదుపాయం లేనివారు పీహెచ్‌ను మార్చి చూడవచ్చు. ఉత్ప్రేరణ మెట్టు నెమ్మదించే పీహెచ్ వైపు జరిగేకొద్దీ కమిట్‌మెంట్ తగ్గి, కనిపించే ప్రభావం పెరిగి ఒకచోట నిలకడకు వస్తుంది. ఆ నిలకడ విలువే అసలు ప్రభావమని కుక్, క్లీలండ్ 1981లో వివరించారు. నా మటుకు నేను మొదట ఈ దారినే సూచిస్తాను.

నార్త్‌రప్ లెక్కకు ఒక హద్దు ఉంది. హైడ్రోజన్ శక్తి అవరోధాన్ని ఎక్కకుండా దాని గుండా టనెలింగ్‌తో దూరిపోతే స్వేన్-షాడ్ ఘాతాలు తప్పుతాయి. క్లిన్‌మన్ బృందం 1989లో ఇదే ఈస్ట్ ఎంజైమ్, ఇదే బెంజైల్ ఆల్కహాల్‌తో దాన్ని చూపించింది. తెగని బంధం మీది ప్రభావాల్లో హైడ్రోజన్-ట్రిటియం నిష్పత్తి 1.35, డ్యుటీరియం-ట్రిటియం నిష్పత్తి 1.03 వచ్చాయి. మామూలుగా రెండోదాన్ని 3.26 ఘాతానికి పెంచితే మొదటిది రావాలి. ఇక్కడ కావలసిన ఘాతం 10.2. తెగే బంధం మీది 7.13, 1.73 అన్న విలువలకు మాత్రం ఘాతం 3.58 దగ్గరే నిలిచింది. 1.03 అన్న అంకెను నమ్మాలంటే మూడో దశాంశ స్థానం దాకా చేయి తిరగాలి. మొదటి ఏడాదిలో టనెలింగ్ జోలికి పోవద్దనే చెబుతాను.

ఆక్సిడేజ్‌లు, భారజలం

ప్లూరోటస్ ఎరింజియై అనే పుట్టగొడుగు లిగ్నిన్‌ను విచ్ఛిన్నం చేయడానికి కావలసిన హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను అరైల్-ఆల్కహాల్ ఆక్సిడేజ్ ద్వారా తయారు చేసుకుంటుంది. ఇందులో ఎన్ఏడీ లేదు, ఎఫ్ఏడీ అనే మరో సహ-ఎంజైమ్ ఉంటుంది. హైడ్రైడ్ దాని మీదికి చేరి, తర్వాత ఆక్సిజన్‌కు అందుతుంది. పారా-మిథాక్సీబెంజైల్ ఆల్కహాల్‌తో పనిచేస్తే పుట్టే ఆల్డిహైడ్‌ను 285 నానోమీటర్ల వద్ద నేరుగా చూడవచ్చు, మోలార్ గుణకం 16,950.

ఇక్కడ బెంగళూరు ఎత్తు లెక్కలోకి వస్తుంది. సముద్రమట్టంలో, 25 డిగ్రీల వద్ద గాలితో సంతృప్తమైన నీటిలో ఆక్సిజన్ సుమారు 0.26 మిల్లీమోలార్ ఉంటుంది. నగరం దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉండి వాయుపీడనం పదో వంతు తక్కువ కావడంతో మన క్యూవెట్‌లో ఉండేది 0.23 మాత్రమే. ఆక్సిజన్ రెండో సబ్‌స్ట్రేట్ కాబట్టి చెన్నైలో కొలిచిన విలువతో ఇక్కడి విలువను ఊరికే పోల్చకూడదు. ఆక్సిజన్ గాఢతను కూడా మార్చి ఆల్కహాల్, ఆక్సిజన్ రెండింటితోనూ సంతృప్తికి చేరాలి, లేదా ఆక్సిజన్ లేకుండా స్టాప్డ్-ఫ్లోలో ఎఫ్ఏడీ పసుపు రంగు వెలిసిపోయే వేగాన్ని చూడాలి.

ఆల్కహాల్‌లోని ఆక్సిజన్ మీది ప్రోటాన్ ఎప్పుడు పోతుందో తెలియాలంటే ఇవే కొలతలను భారజలంలో, అంటే హైడ్రోజన్‌కు బదులు డ్యుటీరియం ఉన్న నీటిలో, చేయాలి. భారజలం మనకు కొరత కాదు; తెలంగాణలోని మణుగూరు కర్మాగారం దాన్ని ఉత్పత్తి చేస్తోంది. పీహెచ్ మీటర్ చూపిన అంకెకు 0.4 కలిపితే అసలు పీడీ (భారజలంలో పీహెచ్ లాంటి కొలత) వస్తుంది. గుంపుల పీకేఏలు కూడా అర యూనిట్ వరకు జరుగుతాయి కాబట్టి వేగం పీహెచ్‌తో మారని ప్రాంతంలోనే పోల్చాలి. భారజలం మామూలు నీటి కంటే దాదాపు నాలుగో వంతు చిక్కన. ఆ చిక్కదనం వల్ల తగ్గిన వేగమేమో అన్న అనుమానం తీరడానికి మామూలు నీటిలో 9 శాతం గ్లిసరాల్ కలిపి ఒక వరస నడపాలి.

తర్వాత అసలు పోలిక. కార్బన్ మీది డ్యుటీరియం ప్రభావాన్ని మామూలు నీటిలోనూ, భారజలంలోనూ కొలవాలి. రెండు హైడ్రోజన్లూ ఒకే మెట్టులో కదిలితే భారజలంలో ఆ ప్రభావం తగ్గదు, అంతే ఉంటుంది లేదా పెరుగుతుంది. వేర్వేరు మెట్లయితే ఒక మెట్టును నెమ్మది చేయడంతో రెండోది కొంత దాగిపోయి ప్రభావం తగ్గుతుంది. అరైల్-ఆల్కహాల్ ఆక్సిడేజ్‌లో కార్బన్ మీది ప్రభావం పెద్దదిగా, భారజలం వల్ల వచ్చే ద్రావణి ప్రభావం చిన్నదిగా రావడం, అక్కడి హిస్టిడిన్ 502 అనే ఎమైనో ఆమ్లం ప్రోటాన్‌ను అందుకోవడం కలిపి చూసి, హైడ్రైడ్ బదిలీ జరిగే మెట్టులోనే, కానీ సరిగ్గా దానితో అడుగు కలపకుండా ప్రోటాన్ కదులుతోందని పరిశోధకులు నిర్ణయించారు.

ఫలితాలు రాసేటప్పుడు గరిష్ఠ వేగం మీది ప్రభావం, వి/కె మీది ప్రభావం రెండూ దోష పరిమితులతో ఇవ్వాలి. ఉష్ణోగ్రత, పీహెచ్ లేదా పీడీ, డ్యుటీరియం శాతం, దానికి చేసిన దిద్దుబాటు, ఆక్సిడేజ్ అయితే ఆక్సిజన్ గాఢత, డ్యుటీరియం ఏ స్థానాల్లో ఉన్నది అన్నవి వాటి పక్కనే ఉండాలి. పట్టికలో చోటు చాలకపోతే చర్చాభాగం నుంచి రెండు పేరాలు తీసేసి అయినా వీటిని ఉంచాలి.